పాత కుట్టు, కొత్త నొప్పి

కడుపు మీద ఎప్పటిదో ఆపరేషన్ మచ్చ ఉన్నవాళ్లు మీ ఇంట్లో ఎంతమంది ఉన్నారో ఒకసారి తలచుకోండి. అమ్మకు గర్భసంచి తీసేసి ఉంటారు. వదినకు రెండు కాన్పులూ సిజేరియనే అయ్యుంటాయి. పెదనాన్నకు ఎప్పుడో అపెండిక్స్ పగిలి, కడుపు కోసి చీమునంతా కడిగి ఉంటారు. కుట్లు మానిపోయాయి, మచ్చ చర్మంలో కలిసిపోయింది, అందరూ మరిచిపోయారు. పదేళ్లకో ఇరవయ్యేళ్లకో ఒక రాత్రి ఆ మనిషికి కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి వస్తుంది. వాంతులవుతాయి, కడుపు ఉబ్బుతుంది. ఇంట్లో అందరూ గ్యాస్ అనుకుంటారు. అది గ్యాస్ కాకపోవచ్చు, పేగుకు అడ్డం పడి ఉండొచ్చు. ఆ అడ్డంకి గురించి, దాన్ని కడుపు పెద్దగా కోయకుండా చిన్న రంధ్రాల్లోంచి సరిచేసే ల్యాప్రోస్కోపీ ఆపరేషన్ గురించి ఒక సర్జన్‌గా మీతో నాలుగు మాటలు చెప్పాలని వచ్చాను.

మన తెలుగువాళ్లకు ఈ విషయం మరీ దగ్గరిది. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. తెలంగాణలో నూటికి 60 కాన్పులకు పైగా సిజేరియన్లే, దేశంలో మరెక్కడా అన్ని లేవు. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42. దేశం మొత్తం మీద సగటు 22కి లోపే. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల లెక్కలోనూ దేశంలో ముందున్నవి మన రెండు రాష్ట్రాలే. నలభై నిండకముందే తీయించుకున్నవాళ్లు అందులో ఎందరో. వాటిలో నిజంగా అవసరమైనవి ఎన్ని అన్నది వేరే ప్రసంగం కావాలి, దాన్ని గట్టిగానే అడగాలి. సిజేరియన్ ఒక్కటే అయితే తర్వాత పేగుకు అడ్డం పడే ముప్పు తక్కువే. కడుపు కోసి గర్భసంచి తీసినా, పేగు మీద ఆపరేషన్ చేసినా, పగిలిన అపెండిక్స్‌కు కోసినా ముప్పు బాగా పెరుగుతుంది.

ఎందుకని? మన కడుపు లోపలి గోడకీ, పేగులకీ పైన సన్నని తడిపొర ఒకటి ఉంటుంది. ఆ పొర వల్లే ఆరు మీటర్ల చిన్నపేగు ఒకదాని మీద ఒకటి జారుతూ, ఎక్కడా పట్టుకోకుండా కదులుతూ ఉంటుంది. చెయ్యి తగిలినా, గుడ్డతో ఒత్తినా, చీము అంటినా, చివరికి గాలి తగిలి ఎండినా ఆ పొర గాయపడుతుంది. గాయం మానే క్రమంలో అక్కడ జిగురులాంటి పదార్థం ఊరుతుంది. శరీరం దాన్ని కొద్దిరోజుల్లో కరిగించేస్తే మంచిదే. కరగకుండా మిగిలితే అది గట్టిపడి, పేగుకూ పేగుకూ మధ్య, పేగుకూ పాత కుట్టుకూ మధ్య అతుకు అవుతుంది. మన ఊళ్లలో పేగులు అతుక్కుపోయాయి అనేది దీన్నే. సర్జన్ చేతి తొడుగుల మీద చల్లే పొడి కూడా ఈ అతుకులను పెంచుతుందని తేలాక, అమెరికా 2017లో పొడి తొడుగులను నిషేధించింది. మనం తీసుకునే జాగ్రత్తలు అతుకులను తగ్గించగలవు, పూర్తిగా ఆపలేవు.

ఈ అతుకుల భారం ఎంతో స్కాట్లాండ్‌లో లెక్కగట్టారు. 1986లో కడుపు, పొత్తికడుపు కోసి ఆపరేషన్ చేయించుకున్న దాదాపు 30,000 మందిని పదేళ్ల పాటు గమనించారు. ప్రతి ముగ్గురిలో ఒకరు ఆ పదేళ్లలో సగటున రెండుసార్లు మళ్లీ ఆసుపత్రిలో చేరారు. కొందరు నేరుగా అతుకుల వల్లే, కొందరు అతుకుల ప్రభావం ఉండొచ్చు అనిపించిన ఇబ్బందులతో, మరికొందరు అతుకులు చిక్కు తెచ్చిపెట్టగల ఇంకో ఆపరేషన్ కోసం. 1999లో ఆ వివరాలు లాన్సెట్ పత్రికలో వచ్చాక, కడుపు కోయడం అనే పనికి ఇంత పొడవైన నీడ ఉందా అని సర్జన్ల లోకం ఉలిక్కిపడింది.

పేగుకు అడ్డం పడితే లోపల ఏం జరుగుతుందో చెబుతాను. మనం ఏమీ తినకపోయినా లాలాజలం, జఠరరసం, పైత్యం, పేగుల్లో ఊరే రసాలు అన్నీ కలిపి రోజుకు ఏడెనిమిది లీటర్ల దాకా పేగులోకి దిగుతాయి. మామూలుగా పేగు వాటిని దాదాపు మొత్తం తిరిగి పీల్చుకుంటుంది. దారి మూసుకుపోతే ఆ నీరంతా అడ్డానికి పైన నిలిచిపోతుంది. పేగు ఉబ్బుతుంది, దాటించాలని గట్టిగా ముడుచుకుంటుంది. అప్పుడే మెలిపెట్టే నొప్పి. అది కాసేపు పిండేసి తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. వాంతి మొదట తిన్న అన్నంతో, తర్వాత పచ్చగా, ఇంకా ఆలస్యమైతే దుర్వాసనతో వస్తుంది. మనిషి నీరు లేక వాడిపోతాడు. వస్తూ పోతూ ఉన్న నొప్పి ఒక దశలో తెరిపి లేకుండా నిలిచిపోయిందంటే మరీ భయపడాలి. పేగుకు రక్తం అందడం ఆగిపోతోందని, పేగు నల్లబడి కుళ్లిపోబోతోందని దానికి అర్థం కావొచ్చు.

ఇక్కడ ఒక చిన్న సంగతి. ఇలాంటి రోగిని మేం తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "అమ్మా, కింది నుంచి గ్యాస్ పోతోందా?" అని. పెద్దావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మొహం తిప్పుకుంటుంది. పక్కనున్న కొడుకు, "అదేం లేదండీ, బానే ఉంది" అని తానే జవాబు చెప్పేస్తాడు. కొడుకును బయటికి పంపి, నర్సమ్మ చెవి దగ్గర వంగి మళ్లీ అడిగితే, "మొన్న పొద్దున్నుంచి లేదమ్మా" అంటుంది. మొన్న పొద్దున్నుంచి! విరేచనం కాకపోవడం ఒక్కటే అయితే మలబద్ధకం అనుకోవచ్చు. గ్యాస్ కూడా పోకపోవడం, కడుపు ఉబ్బడం, వాంతులు, ఈ మూడూ కలిశాయంటే అడ్డం పడిందనే అనుకోవాలి. సిగ్గుపడి దాచిన ఆ ఒక్క మాటతో రెండు రోజులు పోతాయి.

ఆ రెండు రోజుల్లో ఇంట్లో ఏం చేస్తారో కూడా నాకు తెలుసు. ఆముదం పడతారు. విరేచనాల మాత్ర వేస్తారు. వీధి చివర ఆర్ఎంపీ నొప్పి సూది వేసి పంపిస్తాడు. దయచేసి వినండి. దారి మూసుకుపోయిన పేగు మీదికి విరేచనాల మందు తోలడం ప్రమాదం. పేగు ఇంకా గట్టిగా తోస్తుంది, ఇంకా ఉబ్బుతుంది, చిరిగే దాకా కూడా పోవచ్చు. నొప్పి సూది నొప్పిని కాసేపు కప్పేస్తుంది, అడ్డం మాత్రం అక్కడే ఉంటుంది.

పెద్దవాళ్లలో చిన్నపేగుకు అడ్డం పడటానికి అతుకులే అతిపెద్ద కారణం. వేరేవీ ఉన్నాయి. గజ్జల్లోనో బొడ్డు దగ్గరో ఏళ్ల తరబడి ఉన్న హెర్నియాలో పేగు ఇరుక్కుపోవచ్చు. అందుకే ఇలాంటి రోగి గజ్జలు చూడకుండా పరీక్ష పూర్తయినట్టు కాదు. పెద్దపేగు మెలిపడొచ్చు, అప్పుడు చాలామందిలో ముందు ఎండోస్కోపీ గొట్టంతో ఆ మెలిక విప్పుతారు. పెద్దపేగు క్యాన్సర్ దారి మూసేయొచ్చు. మన దేశంలో మరచిపోకూడనిది పేగుల క్షయ. చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోట అది ఎక్కువగా కూర్చుంటుంది, మానే క్రమంలో పేగును ఇరుకు చేస్తుంది. వీళ్లలో చాలామందికి కోత అవసరం పడదు, ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే టీబీ మందులు ఆరు నెలలు వాడితే దారి తెరుచుకుంటుంది. మందులు వాడినా ఇరుకు విడవకపోతేనో, పేగు పూర్తిగా మూసుకుపోతేనో, చిల్లు పడితేనో ఆపరేషన్.

ఇక వైద్యం దగ్గరికి వద్దాం. వెనకటి సర్జన్లు, పేగుకు అడ్డం పడిన రోగిని కోయకుండా ఇంకో పొద్దు చూడనివ్వకూడదు అనేవాళ్లు. అప్పటికి వాళ్ల దగ్గర సీటీ స్కాన్ లేదు, పేగుకు రక్తం అందుతోందో లేదో బయటి నుంచి తెలుసుకునే దారి లేదు. 1930ల్లో అమెరికాలోని మిన్నెసోటాలో ఓవెన్ వాంగెన్‌స్టీన్ అనే సర్జన్, ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేసి, లోపల నిలిచిన నీటిని, గాలిని లాగేస్తే ఎంతోమంది కోత లేకుండానే గట్టెక్కుతారని చూపించాడు. ఇప్పటికీ మొదటి వైద్యం అదే. ముక్కులో గొట్టం, చేతికి సెలైన్, నోటికి ఏమీ ఇవ్వకపోవడం. అతుకుల వల్ల అడ్డం పడి, పేగుకు రక్తం బాగానే అందుతున్నవాళ్లలో నాలుగింట మూడొంతుల మంది ఇంతమాత్రానికే తేరుకుంటారు. వచ్చి రెండు రోజులైంది, డాక్టర్లు ఆ గొట్టం తప్ప ఏమీ చేయలేదని బంధువులు కోప్పడతారు. వాళ్ల ఆందోళన నాకు అర్థమవుతుంది. కానీ ఆ గొట్టమే వైద్యం, ఆ ఎదురుచూపూ వైద్యమే.

ఎంతసేపు చూడాలి? ఇటలీలోని బొలోనా నగరం పేరుతో ప్రపంచ అత్యవసర సర్జన్ల సంఘం ఇచ్చిన మార్గదర్శకాలు మామూలుగా 72 గంటల దాకా చూడొచ్చంటాయి. ఈలోగా ఒక పరీక్ష చేస్తారు. నీటిలో కలిసే ఒక రంగు మందును ఆ గొట్టంలోంచే పంపి, 24 గంటల్లోపు ఎక్స్‌రే తీస్తారు. మందు పెద్దపేగు దాకా చేరిందా, దారి తెరుచుకున్నట్టే, చాలావరకు ఆపరేషన్ తప్పినట్టే. చేరలేదంటే ఇక కాలయాపన పనికిరాదు. జ్వరం, నిలిచిపోయిన నొప్పి, బిగుసుకుపోయిన కడుపు, స్కాన్‌లో రక్తం అందని పేగు కనిపిస్తే మాత్రం 72 గంటల మాటే లేదు, నేరుగా థియేటరుకే.

ఇప్పుడు ల్యాప్రోస్కోపీ. 1980లో జర్మనీలోని కీల్ నగరంలో కర్ట్ సెమ్ అనే వైద్యుడు చిన్న రంధ్రాల్లోంచి అపెండిక్స్ తీసినప్పుడు సర్జన్లు ఆయన మీద విరుచుకుపడ్డారు. మన దేశంలో 1990లో ముంబైలోని జె.జె. ఆసుపత్రిలో టెహెమ్టన్ ఉద్వాడియా అనే సర్జన్ ఈ పద్ధతిలో మొదటి పిత్తాశయం ఆపరేషన్ చేశారు. అది ఖరీదైన ఆసుపత్రిలో కాదు, పేదలు వచ్చే ప్రభుత్వాసుపత్రిలో జరిగిందన్నది నాకు ఎప్పుడూ ధైర్యాన్నిచ్చే విషయం. అప్పట్లో పేగు అడ్డంకి ఉన్నవాళ్ల జోలికి ఈ పద్ధతితో పోకూడదనే పుస్తకాలు చెప్పేవి. 1990ల మొదట్లో ఒక్కొక్కరు ప్రయత్నించడం మొదలుపెట్టారు.

ఎందుకు పోకూడదన్నారంటే, ఈ పద్ధతిలో కడుపులోకి కార్బన్ డయాక్సైడ్ నింపి, గోడను పైకి లేపి, లోపల పని చేసుకునేందుకు చోటు చేసుకుంటాం. ఉబ్బిన పేగు ఆ చోటంతా ఆక్రమిస్తుంది. పైగా ఉబ్బిన పేగు గోడ పలచబడి ఉంటుంది, పట్టుకుంటే చిరుగుతుంది. ఈ ఒక్క సంగతి మీరు గుర్తుంచుకుంటే చాలు. చిన్న రంధ్రాల ఆపరేషన్ మీకు కుదురుతుందా లేదా అనేది సర్జన్ నైపుణ్యం మీద ఎంత ఆధారపడుతుందో, మీరు ఎంత తొందరగా వచ్చారన్న దాని మీదా అంతే ఆధారపడుతుంది. పేగు ఇంకా ఓ మోస్తరుగా ఉబ్బి ఉన్నప్పుడు వస్తే లోపల చోటుంటుంది. రెండు మూడు రోజులు ఇంట్లో మాత్రలతో గడిపి వస్తే ఆ చోటు పోతుంది. అప్పుడు ఎంత గొప్ప సర్జన్ అయినా పెద్ద కోతే పెట్టాలి.

లోపల ఆ పని ఎలా జరుగుతుందో చెబుతాను. మొదటి రంధ్రమే అన్నిటికంటే భయం. పాత కుట్టు కింద పేగు అతుక్కుని ఉండొచ్చు కనుక అక్కడ ససేమిరా పెట్టం. దూరంగా, చాలాసార్లు ఎడమవైపు పక్కటెముకల కింద, చిన్నగా కోసి కళ్లతో చూస్తూ లోపలికి దిగుతాం. కెమెరా పంపాక తెర మీద రెండు రకాల పేగు కనిపిస్తుంది. ఒకటి ఉబ్బి, నీలిరంగుకు తిరిగి, మెరుస్తూ. ఇంకోటి గాలి పోయి సన్నగా, గులాబీ రంగులో. ఉబ్బినదాన్ని ముట్టుకోం. పెద్దపేగు మొదలయ్యే చోటికి పోయి, అక్కడి సన్నని పేగును మెత్తని పరికరాలతో పట్టుకుంటూ, జానెడు జానెడుగా వెనక్కి నడుస్తాం. నడుస్తూ నడుస్తూ ఒక చోట ఆగిపోతాం. పాత కుట్టు దగ్గర నుంచి లోపలికి పురికొసంత అతుకు పట్టీ ఒకటి దిగి ఉంటుంది. దాని కింద పేగు నొక్కుకుపోయి ఉంటుంది. ఇవతల సన్నగా, అవతల ఉబ్బి. మనిషిని రెండు రోజులుగా చావు అంచుకు తోస్తున్నది ఆ ఒక్క పట్టీ.

దాన్ని మామూలు కత్తెరతో కోస్తాం. పేగు పక్కన కరెంటు పరికరం వాడితే ఆ వేడికి పేగు కాలి, నాలుగు రోజుల తర్వాత చిల్లు పడొచ్చు. పట్టీ తెగగానే పేగు వదులవుతుంది. నొక్కుకుపోయిన చోట తెల్లటి గీత మిగులుతుంది. ఆ తర్వాత కొన్ని నిమిషాలు మేం చేసే పని చూస్తూ ఉండటమే. నీలం తగ్గి ఎరుపు వస్తోందా, పేగు కదులుతోందా, దానికి వెళ్లే రక్తనాళం కొట్టుకుంటోందా. మత్తు డాక్టరు, సిస్టర్లు, అందరి కళ్లూ తెర మీదే ఉంటాయి. రంగు తిరిగిందంటే పని అయినట్టే. తిరగకపోతే ఆ ముక్క తీసేసి కలిపి కుట్టాలి, దానికి చిన్న కోత పెట్టాల్సి రావొచ్చు.

ఈ పద్ధతి నిజంగా మేలా? ఫిన్లాండ్, ఇటలీ దేశాల ఆసుపత్రులు కలిసి 2013 నుంచి 2018 వరకు ఒక పరిశోధన చేశాయి. అడ్డానికి ఒకే పట్టీ కారణమై ఉండొచ్చనిపించిన 104 మందిని చీటీ తీసినట్టు రెండు జట్లు చేశారు. పెద్ద కోత జట్టు ఆపరేషన్ తర్వాత సగటున 5.5 రోజులు ఆసుపత్రిలో ఉంది, చిన్న రంధ్రాల జట్టు 4.2 రోజులు. తేడా చిన్నగా కనిపిస్తుంది. కూలికి పోయే మనిషికి, ఇంట్లో పసిపిల్లలున్న తల్లికి అలా మిగిలే రోజు చిన్నది కాదు. కానీ రెండో వైపు కూడా చెప్పాలి. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో 8,584 మంది రికార్డులు చూసినప్పుడు, ల్యాప్రోస్కోపీ చేయించుకున్నవాళ్లలోనే పేగుకు గాయం ఎక్కువని తేలింది. పరిశోధనకు ఏరి ఎంచుకున్న రోగులు వేరు, రోజూ తలుపు తట్టే రోగులందరూ వేరు. నా అభిప్రాయం దాచను. ఒకే పట్టీ, తొందరగా వచ్చిన రోగి, చెయ్యి తిరిగిన సర్జన్, ఈ మూడూ కుదిరితే చిన్న రంధ్రాలే మేలు. అంతకు మించి మొండికేయడం రోగికి చేటు. బీపీ పడిపోయిన మనిషికి, కడుపంతా చీము పట్టిన మనిషికి, నాలుగైదు ఆపరేషన్లు అయి పేగులన్నీ ముద్దగా అతుక్కున్న మనిషికి కోతే క్షేమం.

అందుకే ఈ మాట బంధువులకు ముందే చెబుతాం. రంధ్రాలతో మొదలుపెడతాం, లోపల పరిస్థితి బాగా లేకపోతే కోస్తాం అని. బయటికి వచ్చాక, "చిన్న రంధ్రాలన్నారు, మరి ఇంత కోశారేంటి?" అని అడిగేవాళ్లుంటారు. మధ్యలో పరికరాలు బయటికి తీసి కోత పెట్టిన సర్జన్ ఓడిపోలేదు, మీ మనిషి ప్రాణానికి ఏది క్షేమమో అది చేశాడు. రంధ్రాలతోనే పూర్తయితే నొప్పి తక్కువ, లేచి నడవడం తొందరగా, కుట్టు చీము పట్టడం అరుదు, కోత దగ్గర తర్వాత హెర్నియా వచ్చే ముప్పు తక్కువ. కొత్త అతుకులు కూడా తక్కువగానే పుడతాయి. అసలు పుట్టవని మాత్రం ఎవరూ మాట ఇవ్వలేరు.

ఇంకొక్కటి చెప్పాలి. పగటిపూట పిత్తాశయానికి, అపెండిక్స్‌కు ల్యాప్రోస్కోపీ చేసే ఆసుపత్రులు ఇప్పుడు జిల్లాల్లోనూ ఉన్నాయి. పేగుకు అడ్డం అర్ధరాత్రయినా పడొచ్చు. ఆ వేళకు ఆ పరికరాలు తాళం వేసి ఉంటే, వాటిని నడిపే సిబ్బంది లేకపోతే, రోగికి పెద్ద కోతే మిగులుతుంది. జిల్లా ఆసుపత్రుల్లో రాత్రివేళ సీటీ స్కాన్, ల్యాప్రోస్కోపీ అందుబాటులో ఉంచడం ప్రభుత్వాలు చేయగలిగిన పని, చేయాల్సిన పని.

చివరగా మీరు చేయగలిగింది. కడుపు ఆపరేషన్ అయిన ప్రతి ఒక్కరూ ఆ డిశ్చార్జి కాగితాలను రేషన్ కార్డు దాచినంత భద్రంగా దాచండి. పోయేలా ఉంటే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ఏ ఆపరేషన్, ఎప్పుడు, లోపల చీముందా, పేగు కుట్టారా అన్నది ఆ కాగితంలో ఉంటుంది, మొదటి రంధ్రం ఎక్కడ పెట్టాలో సర్జన్ దాన్ని చూసి నిర్ణయిస్తాడు. మెలిపెట్టే నొప్పి, వాంతులు, ఉబ్బిన కడుపు, గ్యాస్ పోకపోవడం కనిపించిన రోజున నోటికి ఏమీ ఇవ్వకుండా, ఆ కాగితాలు చేతిలో పట్టుకుని 108కి ఫోన్ చేయండి. తెల్లారే దాకా ఆగొద్దు.